తెల్లగీత అవతల

తాడు ఇంకోసారి బిగించి, ముడి మీద బొటనవేలు నొక్కిపెట్టి, బండన్న ఒక తిట్టు తిట్టాడు. బండి మీద రెండు ట్రంకుపెట్టెలు, ఒక కుట్టుమిషను, పరుపుచుట్ట ఉన్నాయి. ఆ సామాను తాలూకు ఆవిడ పక్కనే నిలబడి, తిట్టు తనకే తగిలిందేమోనని మొహం చిన్నబుచ్చుకుంది.

"మిమ్మల్ని కాదులెండమ్మా" అని బండన్న బండి ఎత్తాడు.

ఆయన తిట్టింది కిటికీని. గేటు పక్క రేకుల షెడ్డులో, సరిహద్దు దాటేవాళ్లకి కాగితాలిచ్చే కిటికీ ఉంది. ఈ వారమంతా ఆయన దాని చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. కిటికీ మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈ దేశం గేటుకీ పక్కదేశం గేటుకీ మధ్య కాస్తంత రోడ్డు ఉంది. దానికి అడ్డంగా, సరిగ్గా మధ్యలో తెల్లరంగు గీత. ఇటు కూలీలు గీత దాకా బండి లాక్కుపోతారు, అటు కూలీలు గీత దాకా లాక్కొస్తారు. ప్రయాణికులు కాగితాలు చూపించి దాటిపోతారు. సామాను ఈ బండి మీంచి ఆ బండి మీదికి చేతులు మారుతుంది. కూలీల మెడలో వేలాడే బిళ్ల గీత దాకానే చెల్లుతుంది. చెప్పు కొస అవతల పడినా బిళ్ల ఊడబీకేస్తారు. బండన్న చేతులు రోజంతా పక్కదేశంలోకి వెళ్లొస్తూనే ఉంటాయి. కాళ్లు మాత్రం ఏళ్ల తరబడి వెళ్లలేదు.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, మెడ ఉందో లేదో తెలియకుండా, తల నేరుగా భుజాల మీదే పెట్టినట్టుంటాడు. అరచేతులు కాయలు కాసి, డబ్బులు లెక్కపెడితే నోట్లు గరగరమంటాయి. గేటు దగ్గర ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. పెళ్లాం కూడా కోపం వస్తే "ఓ బండన్నా" అనే అంటుంది.

గీత అవతల బండి పట్టుకుని నిలబడ్డది ఆయన బావ, అక్క మొగుడు. ఆయనకీ మెడలో అలాంటి బిళ్లే.

"ఎలా ఉంది?" అన్నాడు బండన్న, కుట్టుమిషను ఒక పక్క ఎత్తుతూ.

"రాత్రంతా ఆయాసమే. ఇప్పుడే కాస్త కునుకు పట్టింది. పిల్ల దగ్గరుంది." బావ రెండో పక్క అందుకున్నాడు. మిషను బండి మీద కూర్చున్నాక గొంతు తగ్గించాడు. "మీ అక్క నీకో మాట చెప్పమంది. చెప్తే నువ్వు తిడతావు."

"చెప్పు బావా."

"తను పోయిందని కాగితం రాయించుకుని వచ్చెయ్యమంటోందిరా. మా సందులో డాక్టరు రాసిస్తాడు. నవ్వుతూనే అందిలే."

బండన్నకి ఒళ్లు మండింది. అక్క మీద కాదు. ఆ మాట ఆవిడ నోట అనిపించిన వాళ్ల మీద.

తిరకాసంతా ఇందులోనే ఉంది. పాత రోజుల్లో నీలం పుస్తకం ఒకటి ఉండేది, దాన్ని చూపించి ఎవరైనా వెళ్లొచ్చేవాళ్లు. దాన్ని రద్దు చేసి కొత్త కార్డు పెట్టారు. కార్డుకి ఇంటి నంబరు కావాలి. కూలీల గదులేమో గేటు వెనక సర్కారు స్థలంలో ఉన్నాయి. సర్కారు స్థలంలో ఇళ్లుండకూడదు కాబట్టి, ఉన్న ఇళ్లకి నంబర్లు లేవు. సరే, కార్డు లేనివాళ్లకి అవసరం పడితే ఒకరోజు చీటీ ఇస్తారు. తోడబుట్టినవాళ్లు చావుబతుకుల్లో ఉంటే ఆస్పత్రి నుంచి ఉత్తరం తేవాలి. ఇంక మేం చేసేదేం లేదని ఆస్పత్రివాళ్లు అక్కని ఇంటికి పంపేశారు. ఇంటికి పంపేశాక ఆవిడ మా రోగి కాదు, ఉత్తరం ఇవ్వలేం అన్నారు. అదే మనిషి పోతే, వీధిలో ఏ డాక్టరు రాసిచ్చినా చాలు, అప్పటికప్పుడు చీటీ చేతిలో పెడతారు. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడు ఎక్కడున్నాడో గానీ, దొరికితే ట్రంకుపెట్టెల కింద వేసి కట్టాలని బండన్నకి ఎప్పట్నుంచో ఉంది.

"ఒద్దు బావా" అన్నాడు. "బతికున్న మనిషిని పట్టుకుని ఆ మాట నేనెలా అంటాను. నా నోరు పడిపోదూ."

బావ బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

అమ్మ పోయినప్పుడు బండన్నకి ఊహ తెలియదు. అక్కే చంకనేసుకుని తిప్పింది, ముక్కు తుడిచింది, కొట్టింది, కొట్టాక తనే ఏడ్చింది. ఆవిడకి అవతలి ఊరి సంబంధం కుదిరేనాటికి ఈ గేట్లు లేవు. రోడ్డుకడ్డంగా ఒక తాడు, దాని పక్కన నిద్రపోతూ ఒక జవాను. అక్క తాడు ఎత్తుకుని అటు వెళ్లేది, తమ్ముడి మీద బెంగపడితే తాడు ఎత్తుకుని ఇటు వచ్చేది. తర్వాత తాడు పోయి కర్ర వచ్చింది, కర్ర పోయి ఇనపగేటు వచ్చింది. చుట్టుపక్కల మంచి కూలి దొరికే పనులు ఉండగా ఈ దిక్కుమాలిన బండి ఎందుకు పట్టుకున్నావని పెళ్లాం ఇప్పటికీ దెప్పుతుంది. ఎందుకో ఆవిడకీ తెలుసు. బాగున్న రోజుల్లో అక్క అటువైపు కటకటాల దాకా వచ్చి నిలబడేది. దూరం నుంచి చెయ్యి ఊపేది. అంతమాత్రానికే ఆయన బండి లాగాడు, జుట్టు నెరిసేదాకా.

మధ్యాహ్నం మళ్లీ కిటికీ దగ్గర నిలబడ్డాడు. దాని వెనక కూర్చున్న అమ్మాయికి జలుబు. ముక్కు ఎర్రబడి, ఒక చేత్తో రుమాలు పట్టుకుని, రెండో చేత్తోనే పని చేస్తోంది. బండన్నని చూడగానే ఆమె మొహంలో ఉన్న కాస్త ఓపికా పోయింది.

"చెప్పాగా బండన్నా. ఉత్తరం నంబరు ఎక్కిస్తే గానీ తర్వాతి పేజీ రాదు. నిన్న మా పైఆయన్ని కూడా అడిగి చూశాను."

"నా దగ్గర పాత పుస్తకం ఉందమ్మా. అందులో అక్క పేరు, నా పేరు, అమ్మానాన్నల పేర్లు అన్నీ ఉన్నాయి."

"అక్కాతమ్ముళ్లు కాదని నేనన్నానా? దానికి ఆ పుస్తకం చాలు. కానీ ఆవిడకి బాలేదని రుజువు కావాలి."

"మా బావని పిలుస్తాను. గీత దగ్గర నిలబడి చెప్తాడు."

"మాట ఎక్కించడానికి ఇందులో చోటు లేదన్నా." కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. ఖాళీ గడి ఒకటి ఎర్రగా వెలుగుతోంది.

"పోతే ఇస్తారుగా."

అమ్మాయి తల దించుకుంది. "దానికి వేరే పేజీ ఉంది" అంది, తప్పు తనదే అయినట్టు.

గదిలో పెళ్లాం అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. కిటికీ లేని గది. తలుపు మూస్తే పట్టపగలే లైటు వెయ్యాలి. బండన్న నాలుగు ముద్దలు కలిపి రెండు తిన్నాడు. సంగతి విని ఆవిడ తేలిగ్గా అంది: "వదినే చెప్పిందిగా. ఆవిడకి లేని పట్టింపు నీకెందుకు?"

"నీకు తోడబుట్టినవాళ్లు లేరు. నీకేం తెలుసు."

"లేకపోబట్టే చెప్తున్నా. ఉంటే గోడ దూకయినా పోదును."

బండన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. కోపం నషాళానికంటింది. అయితే ఆ కోపంలో సగం, ఆవిడ అన్నది నిజం కావడం వల్ల వచ్చింది.

ఎండ వాలేవేళకి ఒక సంసారం దిగింది. బిందెలు, బుట్టలు, కాళ్లు ఊడదీసి కట్టిన మంచం. గీత దగ్గర బావ మొహం చూడగానే బండన్న బిందె కింద పెట్టేశాడు.

"మీ అక్కకి మాట రావట్లేదురా" అన్నాడు బావ. "మాటిమాటికీ తలుపు వైపు చూస్తోందట. పిల్ల ఇప్పుడే మనిషిని పంపింది."

బండన్న చాలాసేపు తాడు ముడి విప్పాడు. అది ఎప్పుడో ఊడిపోయింది.

"సరే బావా" అన్నాడు, తలెత్తకుండా. "రాయించుకురా."

బావ బండి ఇంకో కూలీకి అప్పజెప్పి పరుగులాంటి నడకతో వెళ్లాడు. బండన్న ఒకరి బుట్ట ఇంకొకరికి ఇచ్చాడు, గాజుసామాను పెట్టె బోర్లా పెట్టాడు, చీవాట్లు తిన్నాడు. అక్కా, క్షమించు అనుకున్నాడు. వెంటనే, వెళ్లి ఎదురుగానే చెప్తాగా, పకపకా నవ్వుతుందిలే అనుకున్నాడు. పోయిందని రాయిస్తే ఆయుష్షు పెరుగుతుందని ఎవరో అనగా విన్నట్టు కూడా గుర్తు తెచ్చుకున్నాడు. ఎవరూ అనలేదు.

బావ తిరిగి వచ్చినప్పుడు కాళ్లకి చెప్పుల్లేవు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మడిచిన కాగితం గీత మీదుగా చాచాడు. "తొందరగా రా" అన్నాడు, అంతే. కూలీలందరూ చూస్తున్నారు కదా, బాగానే నటిస్తున్నాడు బావ, అనుకున్నాడు బండన్న.

కిటికీలో అమ్మాయి కాగితం చదివి లేచి నిలబడింది. లోపల్నుంచి కుర్చీ తెప్పించి వేయించింది. తెర మీద పేజీలు ఒకదాని వెనక ఒకటి గబగబా వచ్చాయి. పైఆయన తనే బయటికి వచ్చి, సంతకం పెట్టి, బండన్న భుజం మీద చెయ్యి వేశాడు. ఇంతమంది ఇంత మర్యాదగా ఉండటం బండన్న ఆ గేటు దగ్గర ఎన్నడూ చూడలేదు. సిగ్గుతో తల వాల్చేశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి చూసి వాళ్లు ఇంకా జాలిపడ్డారు, దాంతో ఆయనకి ఇంకా ఏడుపొచ్చింది.

గీత దాటాడు. కాలికి ఏమీ తెలియలేదు. అదే తారు, అదే దుమ్ము.

దారిపొడుగునా ఆయనే మాట్లాడాడు. "ముందు నేనే చెప్తాను బావా, నువ్వు నోరెత్తకు. నిన్ను చంపేసి వచ్చానే అక్కా అంటాను. చెవి పట్టుకుంటుంది చూడు." బావ వెనక్కి తిరగకుండా ముందు నడుస్తున్నాడు. బావకి పరాచికాలు పెద్దగా తెలియవు, అది మొదట్నుంచీ అంతే.

సందు మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం. గుమ్మం దగ్గర చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. బండన్న ఆగిపోయాడు.

బావ వెనక్కి వచ్చి ఆయన జబ్బ పట్టుకున్నాడు. "అది దొంగ కాగితం కాదురా. నేను ఇంటికెళ్లేసరికే అయిపోయింది. అక్కడే చెప్తే గీత మీదే కూలబడతావని చెప్పలేదు."

బండన్న కిటికీని తిట్టబోయాడు, తిట్టు కుదరలేదు. పొద్దున్న గీత దగ్గర ఊ అని ఉంటే ఈపాటికి ఆవిడ పక్కనే ఉండేవాడు. ఆవిడ బతికుండగా ఆ మాట అననన్నాడు. అనకుండా ఆవిడ బతికున్న ఆ కాస్త సమయమూ దాటబెట్టేశాడు. ఈ లెక్క ఎవరి మీదికి తోయాలో ఆయనకి తెలియలేదు.

లోపల అక్కని కింద పడుకోబెట్టారు. మనిషి సగానికి సగం అయిపోయింది. మేనకోడలు లేచి వచ్చి మావయ్య చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ కూర్చో మావయ్యా. అమ్మ నీకోసమే వేయించింది. పొద్దుట్నుంచీ దీని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. బండి లాగి లాగి వస్తాడు, ఒట్టి చెక్క మీద కూర్చోలేడు అని దుప్పటి కూడా తనే చెప్పి వేయించింది."

బండన్న అక్క కాళ్ల దగ్గర నేల మీదే చతికిలబడ్డాడు. పక్కన, తలుపుకి ఎదురుగా, చిన్న చెక్క స్టూలు. దాని మీద నాలుగు మడతలు వేసిన దుప్పటి, ఎక్కడా ముడత లేకుండా ఉంది.