అగ్రత్రయ కవాటం దగ్గర ఒక కేక

జంతుశాస్త్రం ఎలా చదవాలి అని నన్నెవరూ అడగరు. అడగాల్సిన వాళ్ళంతా మా చెల్లెలు హేమ్లి దగ్గరికి పోతారు. ఆమె జూనియర్ కాలేజీలో ఆ సబ్జెక్టే చెబుతుంది. నేను పశువుల దవాఖానాలో బర్రెలకు సూదులు వేసుకునేవాణ్ణి. అయినా పరీక్షల కాలంలో పిల్లలు మొహాలు వేలాడేసుకుని బస్‌స్టాండులో కనబడితే నా నోరు ఊరుకోదు. "ఇటు రండ్రి, ఎట్ల చదవాల్నో నేను చెప్త" అంటాను. మర్యాదకు కాసేపు నిలబడి, బస్సొచ్చిందని చెప్పి పోతారు. బస్సు రాదు. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీరు మధ్యలో లేచిపోయినా నాకు కనబడదు కాబట్టి ఎవరి పరువూ పోదు.

ఎనభై ఆరు నాటి మాట. ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. బైపీసీ. మా తండాలో అంతదూరం పోయిన మొదటివాణ్ణి నేనే కాబట్టి కళ్ళు నెత్తి మీదే ఉండేవి. సెలవులకు ఇంటికొస్తే తెల్ల చొక్కా, జేబుకు రెండు పెన్నులు. రెండో పెన్నులో సిరా ఉండేది కాదు. "మా హీరాలాల్ డాక్టరైతడు" అని తండాలో అందరూ అనుకుంటుంటే నేను వద్దనలేదు. చివరికి మిగతావన్నీ ఎలాగో గట్టెక్కి, డాక్టరుకు కావలసిన జంతుశాస్త్రం దగ్గరే బోర్లాపడ్డాను. పెట్టె, పరుపు చుట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మా చేను ఏన్కూరు అవతల, అడవి అంచున. వానాకాలం మక్క, యాసంగికి జొన్న. రాత్రయితే అడవి పందులు, పగలైతే చిలకలు. రాత్రి కాపలా మా నాన్న దస్రుది, తెల్లారాక పడుకుంటాడు. అమ్మకు ఇల్లు, పశువులు సరిపోతాయి. కాబట్టి పగలు మంచె మీద ఎవరో ఒకరు కూర్చుని తీరాలి. నేను ఖమ్మంలో సిరా లేని పెన్ను పెట్టుకుని తిరుగుతుంటే ఇక్కడ ఆ ఎవరో ఒకరు హేమ్లి. పదో తరగతి నాకంటే మంచి మార్కులతో పాసై, ఆ మర్నాడే వడిసెల పట్టుకుని మంచె ఎక్కింది. వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలితే చేను ఆ చివరి చిలక కూడా లేచిపోయేది.

నేను తప్పి వచ్చాక మా నాన్న ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఇంకొక్క పాలి చూస్త. హీరా పాసైతే పై చదువుకు పోతడు, హేమ్లి మంచె మీద ఉంటది. తప్పితే వీడు మంచె ఎక్కుతడు, అది కాలేజీకి పోతది. ఇద్దర్నీ పంపితే చేను చిలకల పాలైతది" అన్నాడు. "పరీక్ష దాక మంచె మీద నువ్వే కూర్చో. నీడ ఉంటది, గాలి ఉంటది, చదువుకో."

అంటే నేను గెలిస్తే నా చెల్లెలు ఓడుతుంది. దాని మొహం వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. అది మాత్రం లేచి, నా జంతుశాస్త్రం పుస్తకం మీద దుమ్ము దులిపి, అట్ట వేసింది.

మా లెక్చరర్ వెంకటప్పయ్య గారు రోజూ కల్లూరు నుంచి బస్సులో వచ్చి పాఠం చెప్పి పోయేవారు. నేను తప్పానని తెలిసి, పాపం, కాలేజీ వరండాలో నిలబెట్టి చదివే పద్ధతి చెప్పారు. పైకి చదువు, నీ చెవికి నీ గొంతు వినపడాలి. ముందు బొమ్మ వెయ్యి, తర్వాత మాట రాయి. బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టు. చిన్న ప్రశ్నలను చులకన చెయ్యకు. పరీక్ష దగ్గరికొచ్చాక పద్ధతి మార్చకు. బంగారం లాంటి మాటలు. ఇప్పటికీ ఏ పిల్లవాడైనా ఇవి పాటిస్తే చాలు. నేను మొదటిదీ చివరిదీ పట్టుకుని నడిమివి వదిలేశాను.

మంచె మీద చదవడం మొదలుపెట్టిన రోజే చిక్కొచ్చింది. చదివితే చిలకలు వాలుతున్నాయి, చిలకలను తోలితే చదువు ఆగిపోతోంది. వడిసెల నా చేతిలో ఉంటే రాయి ఎప్పుడూ నా వెనక్కే పోయేది, కాబట్టి దాన్ని ముట్టలేదు. నాకు కేక ఒక్కటే దిక్కు. బాగా ఆలోచించి ఒక శాస్త్రీయ పద్ధతి కనిపెట్టాను. ఒక వాక్యానికి ఒక కేక, గుండెలో కవాటం దగ్గర మాత్రం ఒకటి అదనం.

"శరీర భాగాల నుంచి వచ్చే రక్తం మహాసిరల ద్వారా కుడి కర్ణికను చేరుతుంది. హోయ్. అక్కడి నుంచి అగ్రత్రయ కవాటం గుండా, హోయ్, కుడి జఠరికలోకి పోతుంది. హోయ్."

గుండె పాఠం ఇలా నోటికి వచ్చేసింది. మెదడు, మూత్రపిండం, అన్నీ వచ్చేశాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. గంట కొట్టగానే నోట్లో నీళ్ళూరే కుక్క గురించి మాకో పాఠం ఉంది. దాన్ని కూడా కేకలతోనే కంఠస్థం చేశాను. ఆ కుక్క నేనేనన్న అనుమానం మాత్రం నాకు రాలేదు.

మధ్యాహ్నం హేమ్లి రొట్టెలు తెచ్చేది. నేను తింటుంటే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ప్రశ్నలు అడిగేది. నోటి నిండా రొట్టె ఉండి నేను కేక వెయ్యలేకపోతే నా బదులు తనే వేసేది. కేక పడగానే తర్వాతి వాక్యం నా నోట్లోంచి దానంతటదే వచ్చేది. కొన్నాళ్ళకు దానికీ ఆ పాఠాలు కేకలతో సహా వచ్చేశాయి.

ఒకరోజు పుస్తకం పక్కన పెట్టి చేను వైపు తేరిపార చూసింది.

"భియా, చిలకలు నీ పాఠం వింటున్నయ్" అంది. మా భాషలో అన్నను భియా అంటాం.

"విననీ. మంచిదే కద" అన్నాను గర్వంగా.

"పాఠం కోసం కాదు. నువ్వు కేకేసినంక ఇంకో కేక దాక ఎంతసేపైతదో వాటికి ఎర్కైంది. కేక కాంగనే దిగుతున్నయ్, తింటున్నయ్, మళ్ళ నువ్వు నోరు తెరిచే ముందు లేస్తున్నయ్. ఆ విసర్జక వ్యవస్థ చదవకు, దాంట్ల వాక్యాలు మస్తు పొడుగున్నయ్."

నిజమే. విసర్జక వ్యవస్థ చదివిన రోజుల్లో పడమటి వైపు కంకులన్నీ బోసిపోయాయి. కానీ పరీక్ష ముందు పద్ధతి మార్చొద్దని సారు చెప్పారు కదా. నేను మార్చలేదు.

ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. "నేను పాసైతే నువ్వు ఈ మంచె మీదనే ఉంటవు. ఎందుకు నన్ను గింతగనం చదివిస్తున్నవ్?"

 హేమ్లి వడిసెల తాడు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది.

"నువ్వు తప్పినవని నన్ను పంపుతే నాకు వద్దు. మిగిలిపోయిన బువ్వ లెక్కుంటది. బా నన్ను పంపితే నా కోసమే పంపాలె" అంది. మా నాన్నను మేము బా అని పిలుస్తాం.

నాకు సిగ్గేసింది. దానికి చదువంటే ఎంత ఆశో అప్పుడు తెలిసింది. గుండె పాఠం ఇంకోసారి చదివాను. ఆ రోజు నాకు చేతనైంది అదొక్కటే.

జొన్న కోసి కళ్ళంలో కొట్టారు. గింజలు తిండికే బొటాబొటిగా వచ్చాయి. మా నాన్న కంకులు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు గానీ, పరీక్ష ముందు పిల్లవాణ్ణి ఏమీ అనకూడదని ఊరుకున్నాడు.

పరీక్ష ఖమ్మంలో. ప్రశ్నపత్రం విప్పితే మొదటి పెద్ద ప్రశ్నే గుండె. ప్రాణం లేచొచ్చింది. బొమ్మ వేశాను, అది గుమ్మడికాయలా వచ్చినా భాగాలకు పేర్లు సరిగ్గా పెట్టాను. కుడి కర్ణిక అయింది. "అక్కడి నుంచి అగ్రత్రయ కవాటం గుండా" అని రాసి ఆగాను. పెన్ను కదలదు. కవాటం తెరుచుకోదు. గుండా అయింది, తర్వాత ఏమిటి? మళ్ళీ మొదటి నుంచి మనసులో చదువుకుంటూ వచ్చాను. మళ్ళీ అక్కడే ఆగాను. దగ్గి చూశాను. సన్నగా గొణిగి చూశాను. దగ్గు చాలదు, దానికి కేకే కావాలి.  ఇక్కడ ఆగిపోతే మిగతా ప్రశ్నలన్నీ ఇంతే. మంచె నా కళ్ళ ముందు కనబడింది. నేను మంచె మీద, హేమ్లి మిగిలిపోయిన బువ్వ చేత్తో పట్టుకుని కాలేజీలో.

ఆ గదికి కాపలా ఉన్నావిడ ప్రమీలారాణి మేడం. మధిర వైపు మనిషి, ఎకనామిక్స్ చెబుతారు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏమైందయ్యా, ఒంట్లో బాలేదా?"

"బాగనే ఉంది మేడం. ఒక్క కేకేస్తే మిగిలింది వస్తది."

"కేకా? ఎవరి మీద?"

"చిలకల మీద."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. చిలకలు లేవు. మళ్ళీ నా వైపు చూశారు. నేను ఏడుపు గొంతుతో మంచె సంగతి చెప్పాను. చుట్టూ పిల్లలు నవ్వు ఆపుకోలేక బెంచీల మీద తలలు వాల్చారు. మేడం నవ్వలేదు.

"నోటితో వెయ్యకు. పెన్సిల్‌తో కాగితం మీద వేసుకో, తర్వాత చెరిపెయ్" అని చెప్పి ముందుకు వెళ్ళిపోయారు.

పెన్సిల్ తీసి, "గుండా" పక్కన "హోయ్" అని రాశాను. అంతే. కుడి జఠరిక తెరుచుకుంది. ఊపిరితిత్తులు వచ్చాయి, ఎడమ కర్ణిక వచ్చింది, బృహద్ధమని వచ్చింది. వాక్యానికో హోయ్ పెట్టుకుంటూ పేపరంతా రాసేశాను. చివర్లో చెరపడం మొదలుపెట్టాను గానీ విసర్జక వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టారు. పేపరు దిద్దిన పుణ్యాత్ముడెవరో నా మూత్రపిండం చూసి ఏమనుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

వేసవిలో ఫలితాలు వచ్చాయి. పేపరులో నంబరు హేమ్లే వెతికింది. దొరకగానే పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. అది నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి లోపలికి పోయి, మక్క చేను కాపలాకని పాత వడిసెల తీసి, తెగిన తాడు పేనుకోవడం మొదలుపెట్టింది. నేను చూడలేకపోయాను.

మా నాన్న దగ్గరికి పోయి, జీవితంలో మొదటిసారి పెద్దమనిషిలా మాట్లాడాను. "బా, నేను పాసైన. చాలు. మంచె మీద నేనుంట. హేమ్లిని పంపు."

మా నాన్న కళ్ళలో నీళ్ళు తిరుగుతాయనుకున్నాను. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"నువ్వా? నిన్ను ఇంకో పంటకు మంచె ఎక్కిస్తే మనం అడుక్కతినాలె."

నా త్యాగం అక్కడితో అయిపోయింది.

"మంచె పీకేస్తున్న. ఈ ఏడు పత్తి పెడుత. చిలకలు పత్తి తినవు, పందులు ముట్టవు. ఇంక కాపలాకు ఎవ్వరూ అక్కర్లే" అన్నాడు. ఆ పత్తి తర్వాత మమ్మల్ని ఎలా ఏడిపించిందో అది వేరే కథ. ఆ రోజుకు మాత్రం నా శాస్త్రీయ పద్ధతి చేసిన మేలు అదే. చేనంతా చిలకలకు పెట్టి మంచె పడగొట్టించాను.

"హేమ్లీ, నువ్వు గూడ పోవాలె కాలేజీకి" అని కేకేశాడు.

హేమ్లి బయటికి వచ్చింది. తాడు చేతిలోనే ఉంది. "కాపలా పని లేదని పంపుతున్నవా బా?" అని అడిగింది.

మా నాన్న దాని చేతిలో తాడు వైపు చూశాడు. "నువ్వు కూసున్నన్ని దినాలు చేన్ల గింజ పోలే. నీకు అప్పజెప్పింది ఏదీ పోదు. చదువు గూడ పోదు. అందుకు పంపుతున్న."

హేమ్లి తాడు కింద పడేసి లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

పదేళ్ళు గడిచాయి. ఒకసారి ఏదో పని మీద హేమ్లి పాఠాలు చెప్పే కాలేజీకి వెళ్ళాను. క్లాసులో ఉందన్నారు. వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. బోర్డు మీద గుండె బొమ్మ వేసి ఉంది, నాలా గుమ్మడికాయ కాదు, అసలైన గుండె. పిల్లలు గబగబా రాసుకుంటున్నారు.

"అక్కడి నుంచి అగ్రత్రయ కవాటం గుండా" అని చెప్పి హేమ్లి ఆగింది. రాసుకోవడానికి టైమిస్తోందని పిల్లలు అనుకున్నారు. అది కేక కోసం ఆగిందని నాకు మాత్రం తెలుసు. నోరు ఆగలేదు.

"హోయ్" అన్నాను కిటికీ బయట నుంచి, మెల్లగా.

పిల్లలంతా ఇటు తిరిగారు. హేమ్లి తిరగలేదు.

"కుడి జఠరికలోకి పోతుంది" అని చెప్పి, బోర్డు మీద బాణం గుర్తు వేసింది.