విత్తనపు ఎముక

ఆరునెలలకోసారి సున్‌బొక్ ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో ఒక పూట సెలవు పెట్టి, కూతురు హేవన్‌ని తోంగ్యాంగ్ బస్టాండు వెనకున్న పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. తల్లి ముఖమే కూతురికీ వచ్చింది. లోపలికి పోయిన కింది దవడ, ముందుకొచ్చిన పై పళ్లు, మూతపడని పెదవులు. బళ్లో హేవన్ పేరు "ఎలుక". దవడ కోసి జరిపే ఆపరేషనుంది గానీ, పిల్ల గుండె ఆ మత్తుకి తట్టుకోదని పెద్దాసుపత్రి వాళ్లు ఎప్పుడో తేల్చేశారు.

డాక్టరు ప్యో ప్రతిసారీ పిల్ల ఎడమచేతికి ఎక్స్‌రే తీసి, బొటనవేలి మొదట్లో వెతికేవాడు.

"ఇక్కడ విత్తనమంత ఎముక కనబడాలమ్మా. కనబడిందంటే ఒళ్లు ఎదిగే ఊపు వస్తున్నట్టు. అప్పుడు నోట్లో తొడిగే ప్లేటు పెడితే దవడ ముందుకొస్తుంది. ముందు పెడితే దండగ, తర్వాత పెడితే రాదు."

"ఇంకా రాలేదాండీ?"

"రాలేదు."

పిల్లకి పన్నెండు నిండాయి, పదమూడు నిండాయి. పద్నాలుగో ఏట చలికాలంలో సున్‌బొక్ ప్యాంట్లు చీలమండల పైకెక్కాయి. బూట్లు ఇరుకయ్యాయి.

"నలభై నాలుగేళ్లకి పొడుగవుతున్నావేమే! నీ బల్ల కింద ఇటుకలు పెట్టించమంటావా?" అంది పక్కన ఒలిచే మల్‌జా. మర్నాడు మేస్త్రీ నిజంగానే ఇటుకలు పెట్టించాడు. ఆ మాట అక్కడితో సరి.

ఆసారి డాక్టరు, పొడుగైన తల్లిని చూసి, ఆమె చెయ్యి కూడా ఎక్స్‌రే తీశాడు. బొటనవేలి దగ్గర తెల్లగా, నువ్వుగింజలా ఉంది; ఎముకల చివర, ఎదిగే పిల్లలకుండే గీతలు మళ్లీ తెరుచుకున్నాయి. తర్వాత పిల్ల మెడ ఎముకల ఫిల్మ్ వెలుతుర్లో పెట్టి చాలాసేపు చూశాడు.

"పాపకి ఎదుగుదల అయిపోయింది. దానికి రావాల్సిన ఊపు మీకొచ్చిందమ్మా."

"తిరిగి దానికి ఇవ్వలేమా?"

"అది నా చేతిలో పని కాదు."

హేవన్ ఏడవలేదు. "అయితే అమ్మకే పెట్టండి," అంది.

"నాకెందుకే?"

"వచ్చిందాన్ని పారబోస్తావా? మనింట్లో ఒక్కళ్లయినా నోరు మూసుకుని నిద్రపోనీ."

ఏడాది తిరిగేసరికి సున్‌బొక్ పెదవులు కలిశాయి. గడ్డం చక్కగా ముందుకు తేలింది. షెడ్డులో అందరూ మెచ్చుకున్నారు. కూతురు ఇంట్లో లేనప్పుడు అద్దం ముందు నిలబడేది. అడుగుల చప్పుడైతే సిగ్గుపడి తప్పుకునేది.

ఒక ఆదివారం చేపల బజారులో కొత్తగా కొట్టు పెట్టినావిడ, తల్లి పక్కనే నిలబడ్డ హేవన్‌ని అడిగింది: "ఈ పెద్దమ్మతో వచ్చావా పిల్లా? మీ అమ్మ రాలేదా?"

"రాలేదండి," అంది హేవన్.

మర్నాడే సున్‌బొక్ ప్లేటు తీసుకెళ్లి డాక్టరు బల్లమీద పడేసింది. "నా ముఖం నాకిచ్చెయ్యండి. నా బిడ్డ ఒంటరిదైపోయింది."

ప్యో ఇంకొక ఎక్స్‌రే తీశాడు. ఎముకల చివర గీతలు పూడిపోయాయి. "ఆగిపోయిందమ్మా. ఇక మీ దవడ వెనక్కి పోదు," అన్నాడు తలెత్తకుండా.

ఆ సాయంత్రం అన్నం దగ్గర సున్‌బొక్ కూతురికి ఎదురుగా కూర్చుని, కింది దవడని బలవంతంగా లోపలికి లాక్కుని, పెదవులు విప్పి, మునుపటిలా ఉండబోయింది. కణతలు వణికాయి.



"ముఖం అలా పెట్టకమ్మా, నొప్పెడుతుంది," అని, హేవన్ తన గిన్నె తీసుకుని కిటికీ వైపు తిరిగి తినసాగింది.