అడుగు పైకొచ్చిన మానిక

నేను ఒక ఇత్తడి మానికను. బియ్యం కొలవడానికి పుట్టాను. సింహాసనాలు కూలదోసే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు.

కంచరి నన్ను పోతపోసి దివిటిగాం సంస్థానంలో వరహాలుసెట్టి కొట్టుకు అమ్మాడు. సెట్టి నాతో బియ్యం గోపురంలా నిండుగా కొలిచి, ఆపైన ఒక గుప్పెడు కొసరు వేసేవాడు. కొసరు పడందే మా ఊళ్లో బేరం ముగిసినట్టు కాదు.

రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. బియ్యం ధర కొండెక్కింది. దివాన్‌గారికి సంస్కరణల పిచ్చి. ధర పెంచరాదని దండోరా వేయించారు. బియ్యం కొట్లలోంచి మాయమైంది. పోనీ, ఎంతకైనా అమ్ముకోండన్నారు. బియ్యం వచ్చింది, కొనేవాళ్లే రాలేకపోయారు. మూడోసారి ఆయన బుర్ర పాదరసంలా పనిచేసింది. ధరను పాత చోటికి దించి, మానికలన్నిటినీ కోటకు రప్పించి, లోపల రెండు వేళ్ల ఎత్తున దొంగ అడుగు అతికించారు. కొసరు దుబారా అని నిషేధించారు. సర్కారు కొలువు దొరికిందని నేను కొంచెం మురిసిపోయాను కూడా. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఒక ఉదయం నేతపని చేసే పైడమ్మ వచ్చింది. కూతురు ప్రసవించి నాలుగు రోజులైంది. తల్లికి తిండి లేక బిడ్డకు పాలు పడడంలేదు. సెట్టి బియ్యం కొలిచి పోశాక కూడా ఆమె కొంగు పట్టుకుని నిలబడే ఉంది.

"కొసరు, సెట్టిబాబూ."

"నేదే పైడమ్మా. దివాన్‌గారి హుకుం. ఏత్తే నా కొట్టు మూయించేత్తారు."

"బాలింతకి గంజైనా కాసుకుంటాను బాబూ."

సెట్టి తల తిప్పుకున్నాడు. నాలో అంటుకున్న గింజలైనా దక్కుతాయని ఆమె చెయ్యి పెట్టింది. ఎప్పుడూ లోపలికి దిగే మణికట్టు బయటే ఉండిపోయింది.

"ఇదేటి బాబూ, దీనడుగు పైకొచ్చీసింది?"

ఆమె నన్ను చంకన పెట్టుకుని కోటకు నడిచింది. దారిలో ప్రతి గడపా దిగివచ్చి నాలో చెయ్యి పెట్టి చూసి, ఆమె వెంట నడిచింది. కోట గుమ్మంలో జవాను తుపాకీ ఎత్తాడు.

"నువ్వూ ఎట్టి సూడు నాయనా," అంది పైడమ్మ.

పెట్టి చూశాడు. అతని ఇంటికీ నాతో కొలిచిన బియ్యమే వెళ్లేది. తలుపు తీశాడు. కొసరు మళ్లీ ఇప్పిస్తామని దివాన్‌గారు మేడమీంచి అరిచారు గాని ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. సాయంత్రానికి సంస్థానమే లేదు.

ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. నా మీద గౌరవం కొద్దీ కొత్త ప్రభుత్వం తన మానికలన్నిటినీ నన్నే నమూనాగా పెట్టుకుని పోతపోయించింది. అడుగుతో సహా.

మొన్న పైడమ్మ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. పిల్ల బతికింది. ఆ ముక్క చెప్పుకోవడం నాకు ఎంతో సంతోషం.

"ఓపాలి సెయ్యెట్టి సూత్తాను బాబూ," అంది కాపలా అతనితో.

"ముట్టుకోకూడదమ్మా."

ఆమె బుట్టలోంచి కొత్త మానిక తీసి, దాంట్లో చెయ్యి పెట్టింది. మణికట్టు బయటే ఆగింది. కాసేపు నా వైపు చూసి, ఆ మానికను అతని ముందుకు చాపింది.

"నువ్వూ ఎట్టి సూడు నాయనా."