దిగువమెట్టలో జాడ తీసిన పంతులు

1936 వేసవిలో దిగువమెట్ట అడవి అంచున స్కౌటు మాస్టర్ల శిక్షణ శిబిరం పెట్టారు. రాచర్ల బోర్డు స్కూలు పంతులు కాటమరాజు ఇష్టపడి రాలేదు. శిక్షణ పత్రం తెస్తేనే ఉద్యోగం ఖాయమవుతుందని ఇన్‌స్పెక్టరు తేల్చి చెప్పాడు కాబట్టి వచ్చాడు. ముడులు వేయడం, డేరాలు ఎత్తడం, గాయాలకు కట్లు కట్టడం అయ్యాయి. ఏడో రోజు జాడ తీయడం.

మద్రాసు నుంచి వచ్చిన శిక్షకుడు నిత్యానందం నేలమీది గిట్టల గుర్తులు చూపించాడు.

"ఏ జంతువివి?"

తక్కిన పంతుళ్లు పుస్తకాలు తిరగేశారు. కాపరుల ఇంట పుట్టిన కాటమరాజుకు ఆ అవసరం లేకపోయింది.

"మేకలు సార్. ఇరవైదాకా ఉంటాయి. పొద్దున్నే పోయినాయి. ఒకటి ముందుకాలు ఈడుస్తాంది."

అన్నాక గానీ తట్టలేదు. ఆ కుంటి మేక తమదే. వానల్లేక ఊరి బీళ్లు మాడిపోయాయి. నాయన ఓబులయ్య మందను, మేకలు మేపకూడని రిజర్వు అడవిలోకి తోలుకొచ్చాడు.

"భేష్!" అన్నాడు నిత్యానందం. శిబిరం చూడవచ్చిన ఫారెస్టు రేంజరు మాత్రం మొహం చిట్లించాడు.

"రిజర్వులో మేకలా? పంతులుగారూ, జాడ తీయండి."

"అదే మీ పరీక్ష కూడా," అన్నాడు నిత్యానందం.

కాటమరాజు ముందు నడిచాడు. వెనక పన్నెండు మంది. వాగు దగ్గర జాడ కుడికి ఎక్కింది. అతడు ఎడమకు తిరిగాడు.

"ఇట్ల పోయినాయి సార్."

నాలుగడుగులు వేశారో లేదో, కుడివైపు చెట్లలో మేక మెడగంట మోగింది. రేంజరు అటు పరుగెత్తాడు.

మంద మధ్య ఓబులయ్య నిలబడి ఉన్నాడు. కుంటి మేక గెంతుకుంటూ వచ్చి కాటమరాజు చెయ్యి నాకింది.

"మిమ్మల్ని బాగా ఎరిగినట్టుందే!" అన్నాడు రేంజరు.

ఓబులయ్య కొడుకు నిక్కరునూ మెడరుమాలునూ చూసి, చేతులు జోడించాడు.

"అది ఉప్పుకు మరిగింది దొరా. చెమట చెయ్యి ఎవురిదైనా నాకుతాది. ఈ అయ్య ఎవురో నాకు తెల్దు."

కాటమరాజు నోరు తెరవబోయాడు. నాయన కళ్లతోనే వద్దన్నాడు.

జరిమానా కట్టేదాకా ఉంచేందుకు మందను గిద్దలూరు బందెలదొడ్డికి తోలమన్నాడు రేంజరు. నిత్యానందం కాటమరాజు భుజం తట్టాడు. "వాగు దగ్గర ఒక్క పొరపాటు పోతే, శిబిరంలో మీరే మొదటివారు. వచ్చే ఏడు ఈ పాఠం మీరే చెప్పాలి. మందతో మీరూ వెళ్లండి, దారి తెలిసినవారు."

ఫారెస్టు గార్డు ఒకడు వెంట వచ్చాడు. మధ్యాహ్నం ఎండ ఇంకా తగ్గలేదు. కుంటి మేకను భుజాన వేసుకుని నడుస్తున్న ఓబులయ్య, రైలు గేటు దగ్గర ఆయాసంతో ఆగిపోయాడు. కాటమరాజు తన నీళ్ల సీసా అందించాడు. ముసలాయన గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"సల్లగుండు నాయనా."

ఎవరైనా ఎవరితోనైనా అనే మాటే. గార్డు పట్టించుకోలేదు.

కాటమరాజు సీసా అందుకున్నాడు. చాలాసేపు మూత బిగిస్తూ ఉండిపోయాడు.

"నడువు పెద్దాయనా," అన్నాడు చివరికి. "పొద్దు పోతాంది."