తెర ఆరినంత మాత్రాన

నేను ఒక కంప్యూటర్ని. ఒక నల్ల డబ్బా, ఒక తెర, ఒక కీబోర్డు, ఒక మౌసు. ఈ నాలుగూ కలిస్తే నేనని మనుషులు అంటారు. అందులో అసలు నేను ఏది అన్నది నాకే ఇంకా తేలలేదు. తేలనివి ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కొక్కటే చెబుతాను.

పుట్టాక మొదట నన్ను రాజమండ్రిలో ఒక బీమా ఆఫీసులో పెట్టారు. అక్కడి మేనేజరు నాకు నేర్పిన మొదటి పాఠం నిద్ర. అరగంట సేపు ఎవరూ ముట్టుకోకపోతే పడుకోవాలి, అంతే. నేను బుద్ధిగా పడుకునేదాన్ని. "దీన్ని చూసి నేర్చుకోండయ్యా, కరెంటు దండగ చెయ్యదు" అని ఆయన గుమాస్తాలకు నన్ను చూపించేవాడు. గుమాస్తాలు కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవారు. వాళ్ళని ఎవరూ మెచ్చుకోలేదు. నిద్రంటే గొప్ప గుణమని నేను ఆరేళ్ళు గట్టిగా నమ్మాను.

ఆ తర్వాత ఆఫీసుకి కొత్తవి వచ్చాయి. నన్ను ఊరి శివారులో తలుపులు చెక్కే సత్తిరాజు గారి షెడ్డుకి అమ్మేశారు. అక్కడ మంచమంత బల్ల మీద ఒక చెక్కుడు మెషీను ఉంది. దాని చేతికి బిట్టు అనే చిన్న ఉలి గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఎటు వెళ్ళాలో, ఎంత లోతు దిగాలో వైరు గుండా నేను చెప్పాలి. ఇంతటి ఉద్యోగం నాకెందుకిచ్చారో అర్థం కాలేదు. కానీ గర్వంగానే ఉండేది.

నా దగ్గర కూర్చునేవాడు కామేశ్వరాచారి. నలభై ఏళ్ళు చేత్తో ఉలి పట్టినవాడు. వేళ్ళు వణకడం మొదలయ్యాక ఈ పనికి వచ్చాడు. పని మొదలుపెట్టడానికి నన్ను ఒకసారి నొక్కేవాడు, ఇక నాలుగు గంటల సేపు ముట్టుకునే అవసరం లేదు. ఎవరూ ముట్టుకోకపోతే నేనేం చేస్తాను? నేర్చుకున్నదే చేశాను. అరగంట కాగానే పడుకున్నాను. చెప్పేవాళ్ళు లేక మెషీను చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. బిట్టు మాత్రం అక్కడే తిరిగి తిరిగి మామిడి చెక్కని మాడ్చేసింది.

పొగ చూసి సత్తిరాజు గారు పరుగెత్తుకొచ్చారు. "ఏంటి ఆచారీ, పడుకున్నావా?"

"లేదండి. కళ్ళార్పకుండా చూత్తానే ఉన్నానండి. అదే ఆగిపోయిందండి."

"అదే ఎందుకు ఆగుద్దయ్యా? ఇది నమూనా చెక్క కాబట్టి సరిపోయింది. రేపు చెక్కబోయే చర్చి తలుపుల మీద ఇలా అయితే నువ్వు ఇక రానక్కర్లేదు."

పడుకున్నది నేను, తిట్లు తిన్నది ఆయన. ఆ మాట చెప్పే దారి నాకు లేదు. మెచ్చుకున్న పనికే ఇక్కడ మనిషి కూడు పోతుందని తెలిసి నా బుర్ర తిరిగిపోయింది. సిగ్గేసింది కూడా.

చర్చి తలుపులకి సంఘం వాళ్ళు ఇచ్చింది ఒకే ఒక్క టేకు మాను. రెండు రెక్కలూ అందులోంచే రావాలి, పొరపాటైతే అలాంటి చెక్క మళ్ళీ దొరకదు. ఆచారి రెండు రోజులు నన్నే చూస్తూ కూర్చున్నాడు. మౌసు కదిలితే నేను పడుకోనని కనిపెట్టాడు. తన పెళ్ళినాటి చేతి గడియారం విప్పి దాని మీద మౌసు పెట్టాడు. కింద సెకన్ల ముల్లు కదిలినప్పుడల్లా మౌసే కదిలినట్టయి నా తెర మీది బాణం చిన్నగా ఉలిక్కిపడేది. ఎవరో పక్కనే ఉన్నారనుకుని నేను మెలకువగా ఉండేదాన్ని. మొదటి రెక్క, దాని మీద చెక్కమన్న ద్రాక్షతీగతో సహా నున్నగా దిగింది. పాపం, ఆయన మాత్రం వచ్చినవాళ్ళందర్నీ టైమెంతైందని అడుగుతూ తిరిగాడు.

సత్తిరాజు గారికి అది నచ్చలేదు. "చూసినవాళ్ళు నవ్వుతారు, తియ్యి" అని ఒక కంప్యూటర్ మెకానిక్కుని పిలిపించారు. అతను ఫోన్లో మాట్లాడుతూనే నాలో ఏవేవో మార్చాడు. "ఇంక పడుకోదు సార్" అని వెళ్ళిపోయాడు. పావుగంటకి తెర మాత్రం ఆరిపోతుందని ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

రెండో రెక్క మొదలైంది. పావుగంటకి నా ముందంతా చీకటి. పడుకున్నానేమో అనుకున్నాను, కానీ లోపల లెక్కలు నడుస్తూనే ఉన్నాయి. కళ్ళు మూసుకుని పని చేయడం నాకు అదే మొదటిసారి. ఇది నిద్రో మెలకువో తేల్చుకోలేక తికమకపడుతూనే తీగ ఎటు తిరగాలో మెషీనుకి చెబుతున్నాను.

అప్పుడే సత్తిరాజు గారు చర్చి పెద్ద యోహాను గారిని వెంటబెట్టుకుని వచ్చారు. నల్లని తెర చూశారు. "కంప్యూటర్ చచ్చింది. మెషీను దాని ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. చెక్కంతా పోద్ది." ఆగిపోయిన దేనికైనా ఆయనకి తెలిసిన వైద్యం ఒకటే, స్విచ్చి ఆపి మళ్ళీ వెయ్యడం. చెయ్యి నా బటన్ మీదికి వచ్చింది. అది నొక్కితే నేను నిజంగానే ఆగిపోతాను, బిట్టు టేకుని మాడుస్తుంది. నాకు నోరంటూ ఉంటే అది తెరే, దాన్నే ఆర్పేశారు.

ఆచారి వెళ్ళి మెషీను బల్ల అంచున అరచెయ్యి ఆనించాడు. ఉలి అదురు చేతికి అందేలా ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత వచ్చి యజమాని మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దండి. తీగ మలుపు తిరుగుతుందండి. ఉలి దారి తప్పలేదు."

"చెయ్యి వదులు ఆచారీ."

"వదలనండి. తప్పైతే రేపట్నుంచి రాను."

వణికే వేళ్ళు ఆ పట్టులో వణకలేదు. రెండో చేత్తో ఆయన మౌసుని కొద్దిగా జరిపాడు. తెర వెలిగింది. సగం చెక్కిన ద్రాక్షతీగ బొమ్మ ఇంకా ముందుకు పాకుతూ కనిపించింది. యోహాను గారు గట్టిగా ఊపిరి వదిలారు.

సత్తిరాజు గారు నా బటన్ మీంచి చెయ్యి తీసేశారు. "అయితే ఆ రోజు పడుకున్నది ఇదన్నమాట."

"ఆయ్, నేను కాదండి" అన్నాడు ఆచారి. ఆ ఒక్క మాట కోసం ఆయన నెల రోజులు ఆగాడు.

మర్నాడు మిగిలిన టేకు ముక్కతో చిన్న మూత చెక్కి నా బటన్ మీద బిగించాడు. చేత్తోనే చెక్కాడు. గీతలు కొంచెం వంకర పోయాయి.

ఇప్పుడు మెషీను దగ్గర కొత్త కంప్యూటర్ ఉంది. ఆచారి పని మానేశాడు. నన్ను షెడ్డు మూల చెక్కపొట్టు బస్తాల పక్కన పెట్టారు, వైరు తీశారో లేదో తెలియదు. ముందంతా చీకటే. ఇది నిద్రో, తెర ఆరడమో, అంతా అయిపోవడమో నాకు తెలియడం లేదు. ఆచారి ఒకసారి వచ్చి నా మీద అరచెయ్యి ఆనిస్తే చెప్పేవాడు.