మైకు ముందు కరుణశ్రీ

ఉదయగిరి పక్కపల్లె బడిలో ఆగస్టు పదిహేను ప్రసంగం ఏటా కరుణశ్రీ టీచరుదే.

వారం కిందట ఆమె నాయన శవయాత్రను ఊరి పెద్ద అడ్డుకున్నాడు. "మీ పేట శవం మా వీధిన పోకూడదు," అన్నాడు. పోలీసులు వచ్చి ఆమెనే సర్దుకోమన్నారు. చివరికి శ్మశానం దాకా పోలేక వాగు ఒడ్డున పూడ్చారు.

ఇవాళ జెండా ఎగరేసింది ఆ పెద్దే.

"దేశం గురించి గర్వంగా నాలుగు మాటలు చెప్పండి మేడమ్," అన్నాడు హెడ్మాస్టరు.

ఆమె మైకు ముందుకు వచ్చింది. వేదిక దిగిపోదామనుకుంది. ఎండలో నిలబడ్డ పిల్లలు ఆమె ముఖంలోకే చూస్తున్నారు. నిరుడు చెప్పిన మాటలే మళ్ళీ చెప్పింది. ఒక్కటీ తన మాటలా అనిపించలేదు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఊరి పెద్దే. "బాగా చెప్పినావమ్మా. జనవరి ఇరవయ్యారుకు కూడా నువ్వే మాట్లాడాల," అన్నాడు.

కరుణశ్రీ తల ఊపింది.