నిండుకుంటే నింపవలెను

ఈ ఉదయం చేపలరేవు ఆఫీసు మూడో అంతస్తులో డేటాబేసుకి నూట రెండు జ్వరం. గోడకి చెయ్యి ఆనిస్తే తెలిసిపోతుంది. వేటకి వెళ్లిన మూడువందల పన్నెండు పడవల పేర్లూ అందులోనే ఉన్నాయి. పేరు చెరిగితే ఆ పడవ సముద్రం మీద ఉండదు. ఇది అందరికీ తెలిసిన సంగతే కనక ఎవరూ గాభరా పడటం లేదు, ఒక్క నూకరత్నం తప్ప. ఆమె అన్న గురయ్య పడవ నూట నలభయ్యో వరుసలో ఉంది.

నూకరత్నం ఉద్యోగం రాయడం. ఏ టూల్ వచ్చినా దాన్ని ఎలా వాడాలో ఆమె రాసిపెట్టాలి. ఇప్పుడు డేటాబేసు ఆరోగ్యం చూసే టూల్ వచ్చింది. వాడాల్సినవాళ్లు ఏడుగురు ఏఐ ఏజెంట్లు. బెంచీ మీద బుద్ధిగా కూర్చుని ఉన్నారు, ఏడుగురికీ కలిపి ఒకటే నీడ.

"రాసింది చేస్తాం. రాయంది చెయ్యం," అంటాడు మొదటి ఏజెంటు.

"అబ్బ, మా ఆయన కూడా ఇలా ఉంటే ఎంత బాగుణ్ణు!" అంటుంది నూకరత్నం.

సూపరింటెండెంటు జోగారావు గుమ్మంలోంచి తల పెడతాడు. "పన్నెండయ్యేసరికి పత్రం చేతిలో పెట్టాలమ్మా."

ఆమెకి హుషారు ముంచుకొస్తుంది. అన్నని కాపాడే పని తన పెన్నుకే పడింది మరి! మొదటి నియమం: నాడి చూడండి. రెండోది: ఊపిరి లెక్కపెట్టండి. మూడో నియమం దగ్గర పెన్ను ఆగుతుంది. పడవల పట్టిక ఖాళీ అయితే నకలు తెచ్చి నింపాలి, అదీ రాయాల్సింది. కానీ ఆ మాట ఎలా రాస్తుంది? వాళ్లమ్మ బుద్ధెరిగి ఏనాడూ బియ్యం అయిపోయాయని అనలేదు. డబ్బా అడుగు గీకుతూ కూడా 'నిండుకున్నాయే' అనేది. అన్న పేరున్న పట్టికని పట్టుకుని ఖాళీ అనడమా! నోరు పడిపోదూ?

'పట్టిక నిండుకుంటే నకలు తెచ్చి నింపవలెను' అని రాసి, కింద గీత గీసి, మురిసిపోతుంది.

ఏజెంట్లు టూల్‌ని గోడకి ఆనిస్తారు. "నాడి ఉంది. ఊపిరి ఉంది. పట్టిక నిండా పేర్లున్నాయి. నిండుకుంది కాబట్టి నింపుతున్నాం."

"అయ్యో, ఆగండాగండి! నిండుకోవడమంటే నిండటం కాదు!"

"మరి ఏమిటి?"

జవాబు చెప్పేలోపే నకలు వచ్చి చేరుతుంది. పడవలిప్పుడు ఆరువందల ఇరవైనాలుగు. కిటికీలోంచి చూస్తే సముద్రం సంతలా ఉంది. జ్వరం నూట నాలుగు.

ఫోను మోగుతుంది. ఎడమ చెవిలో ఒక గురయ్య, కుడి చెవిలో ఒక గురయ్య.

"ఒలే నూకీ, మజ్జేనానికొచ్చెత్తన్నాను, పులుసెట్టు."

"ఒలే నూకీ, ఆడి మాట నమ్మకే. గురయ్యని నానే!"

ఏజెంట్లు ఏమాత్రం కంగారు పడరు. "నూట ఆరు దాటితే అన్ని పేర్లూ చెరిగిపోతాయి. జంటలో ఒకటి తీసెయ్యాలి. ఏది తియ్యాలో రాయండి."

"అసలెవరో నకలెవరో మీకు తెలీదూ?"

"తెలిస్తే నకలు సరిగ్గా తియ్యనట్టే కదా."

అదీ నిజమే. నూకరత్నం ఫోనులో అడుగుతుంది, "అన్నా, చిన్నప్పుడు నా కాల్లో గాలం దిగబడితే నువ్వేం చేసినావు?"

"ఏటి సేత్తాను, నీకన్నా ముందు నానే ఏడిసినాను," అంటారు ఇద్దరూ. ఇద్దరి గొంతూ ఒకే మాట దగ్గర జీరబోతుంది.

గోడ నూట అయిదు చూపిస్తోంది. నూకరత్నానికి ఏడుపొస్తోంది, నవ్వొస్తోంది, చెయ్యి మాత్రం పరిగెడుతోంది. నాలుగో నియమం: 'ఎవరినీ తియ్యవద్దు. ఇంకో సముద్రం వేయవలెను.'

"దానికి పర్మిషనుందా అమ్మా?" అంటాడు జోగారావు.

"రాసేశానండీ!"

"రాసేశావా? అయితే ఇంకేం."

ఏజెంట్లు లేచి రెండో సముద్రాన్ని తెచ్చి, మొదటిదాని పైన బోర్లా వేస్తారు. ఒక్క చుక్క కారదు. సగం పడవలు అందులోకి మారి తలకిందులుగా తిరుగుతుంటాయి. గోడకి చెమట పడుతుంది. జ్వరం దిగిపోతుంది. నూకరత్నం ఈల వేస్తుంది, ఆఫీసని కూడా చూడదు.

కిటికీ ఎదురుగా కింది గురయ్య తలెత్తుతాడు. పై గురయ్య తల వేలాడేస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకుంటారు. తరవాత కింది గురయ్య వల విసురుతాడు, పై గురయ్య దాని రెండో కొస అందుకుంటాడు. వల మహా బరువుగా ఉంది. "హైలెస్సా!" అంటూ రెండు వైపులనుంచీ లాగుతారు. రెండు సముద్రాల మధ్య దారి దొరక్క వలలో పడ్డ సూర్యుడు, పొలుసులు రాలుస్తూ, ఎగిరెగిరి కొట్టుకుంటున్నాడు.

"ఒలే నూకీ!" ఇద్దరూ ఒక్కసారే కేకేస్తారు. "దీన్నేటి సెయ్యమంటావే?"

ఏడుగురు ఏజెంట్లూ ఆమె పెన్ను వైపు తిరుగుతారు.